పెరటి గుమ్మం దగ్గర అక్కా తమ్ముడూ

పాతకాలపు ఇంటిని వీధివైపు నుంచి చూస్తే సింహద్వారానికి బర్మా టేకు, ద్వారబంధం మీద చెక్కిన లతలు, ఇత్తడి పువ్వులు, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప కనిపిస్తాయి. వడ్రంగిని నెలల తరబడి ఇంటి దగ్గరే ఉంచుకుని చేయించుకున్న పని అది. అదే ఇంట్లో వంటింటి పక్కనుంచి వెనక్కి నడిస్తే ఇంకో గుమ్మం వస్తుంది. దానికి ఇల్లు కట్టగా మిగిలిన చెక్క, తుప్పు పట్టిన గొళ్ళెం, అడుగున చీకిపోయిన పలక. తడిబట్టల బుట్ట, అంట్లగిన్నెలు, కొబ్బరికాయలు, చెత్తబుట్ట అన్నీ రోజూ ఈ గుమ్మం దాటాల్సిందే. ఎండా వానా ఎక్కువగా తగిలేది దీనికే. దొంగ ముందుగా తోసి చూసేదీ దీన్నే. ఇంటికి పెట్టే డబ్బు మాత్రం ఇంతదాకా రాదు.

అమలాపురానికి దగ్గర్లో ఒక పెంకుటింటి వెనక వసారాలో ఈ సంగతే అక్కాతమ్ముళ్ల మధ్య వాదనకు వచ్చింది. ఇలాంటి వాదన ఇప్పుడు కోనసీమలో చాలా ఇళ్లలో వినిపిస్తుంది కాబట్టి వాళ్ల పేర్లతో పనిలేదు. ఎనభై దాటిన తల్లిని చూసుకుంటూ అక్క ఆ ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడిది హైదరాబాద్‌లో ఉద్యోగం, మూడో అంతస్తులో ఫ్లాటు. పండగలకు వస్తాడు. మరమ్మతు ఖర్చులో సగం తనదేనని ముందే చెప్పాడు. వెనకవైపంతా మార్చాలని అక్క అంటోంది, ఉన్నది ఉన్నట్టే బాగుచేస్తే చాలని తమ్ముడు అంటున్నాడు.

“ఆ తలుపు తాతయ్య చేయించింది అక్కా. వేప చెక్క. ఇప్పటికీ మేకు కొడితే వంగుతుందే తప్ప దిగదు. దాన్ని పీకేసి ప్లాస్టిక్ తలుపు పెడతానంటే ఎలా?”

“నేనింకా తలుపు దాకా రాలేదురా. నువ్వే అక్కడ ఆగిపోయావు. తలుపుకి అటు రెండు గజాలు, ఇటు రెండు గజాలు నేలుంది చూడు, నా బాధంతా దాని గురించి.”

అక్క మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఆ ఇంట్లో స్నానాలగదీ మరుగుదొడ్డీ పెరట్లో ఉన్నాయి. పల్లెటూళ్లలో ఇది మామూలే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యాక కట్టుకున్న మరుగుదొడ్లు కూడా చాలావరకు పెరళ్లలోనే వెలిశాయి. అంటే రాత్రివేళ లేచిన ముసలమ్మ ముందు 6 అంగుళాల గడప దాటాలి, తర్వాత 9 అంగుళాల ఎత్తున్న రెండు మెట్లు దిగాలి, ఆపైన నాచు పట్టిన చప్టా మీద నడవాలి. చేతికి పట్టుకోడానికి గోడ తప్ప ఏమీ లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు. మన కొలతలో ఏడున్నర అంగుళాలు. కాలు పెట్టే చోటు కనీసం 250 మిల్లీమీటర్లు, అంటే 10 అంగుళాలు ఉండాలి. ఆ ఇంటి వెనక మెట్లు ఈ రెండు లెక్కలకీ నిలవవు.

“అమ్మ అరవై ఏళ్లుగా ఆ మెట్లే ఎక్కి దిగింది కదా?”

“ఎక్కింది, నిజమే. ఇప్పుడు ఎక్కలేకపోతోంది, అదీ నిజమే. పండక్కి వచ్చినప్పుడు నువ్వు పగలు చూస్తావు. రాత్రి రెండింటికి నేను లేచి అమ్మ చెయ్యి పట్టుకుంటాను.”

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గడప దగ్గర పట్టుబట్టాడు. అతని పట్టుకీ కారణముంది. పెద్దలు గడపను ఎత్తుగా పెట్టింది అలంకారానికి కాదు. వాన జల్లు కొడితే నీళ్లు లోపలికి రాకూడదని, పాములూ పందికొక్కులూ దూరకూడదని. కొబ్బరితోటల మధ్య ఇల్లు, చుట్టూ వరిచేలు, పెరట్లో డొక్కల కుప్ప. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. మన దేశంలో పాముకాటు చావులకు ఎక్కువగా కారణమయ్యే నాలుగింటిలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉన్నాయి. అందులో కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. “గడప తీసేస్తే దానికి దారి ఇచ్చినట్టే” అన్నాడు తమ్ముడు.

“గడప ఎత్తు పామునేం ఆపుతుందిరా? అరడుగు ఎక్కలేని పాము ఉంటుందా? ఆపేది సందు లేకపోవడం. ఇదిగో, ఈ మూల చూడు. చెక్క చీకిపోయి నా వేళ్లు రెండు దూరుతున్నాయి. ఇంత సందు పెట్టుకుని గడపని నమ్ముకున్నాం మనం.”

ఇక్కడ అక్కదే సరైన లెక్క. తలుపు అడుగుకీ నేలకీ మధ్య సందును రబ్బరు పట్టీతోనో కుచ్చు పట్టీతోనో పూర్తిగా మూస్తే నేలబారు గుమ్మం కూడా, చీకిన తలుపున్న ఎత్తుగడప కన్నా భద్రం. దానితోపాటు డొక్కల కుప్పనీ కట్టెల మోపునీ గుమ్మానికి దూరంగా జరపాలి. వాటిని గోడకి ఆనించి పెట్టుకుంటే ఏ తలుపు పెట్టినా ఎలుకలకీ వాటి వెంట వచ్చే పాములకీ ఇంటి పక్కనే కాపురం ఇచ్చినట్టు. వికలాంగులూ వృద్ధులూ సులువుగా తిరగడానికి కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గుమ్మం దగ్గర మెరక 12 మిల్లీమీటర్లు మించకూడదని ఉంది. అంటే అరంగుళం, అదీ వాలుగా చెక్కి. వాకర్ చక్రం, ఈడ్చి నడిచే పాదం దాటగలిగేది అంతే.

అప్పటిదాకా చప్టా కొలుస్తూ వింటున్న తాపీమేస్త్రీ తలెత్తాడు.

“గడప తియ్యొచ్చండి అమ్మగారూ. కానీ ముందు నీళ్ల సంగతి తేల్చాలి. మీ చూరు నీళ్లు సరిగ్గా గుమ్మం ముందే పడుతున్నాయి. ఈ చెక్క కింద చీకింది చెదల వల్ల కాదండి, ఆ చినుకు నేల మీద పడి ఎగిరి తలుపుకి కొట్టడం వల్ల. చూరుకింద కాలువ రేకు బిగించి నీళ్లని పక్కకి తిప్పాలి. వసారా నేలకి అడుగుకి పావంగుళం చొప్పున బయటికి వాటం ఇవ్వాలి. గుమ్మానికి అవతల అడ్డంగా సన్నటి కాలవ తీసి మీద జాలీ వెయ్యాలి. అప్పుడు గడప లేకపోయినా చుక్క లోపలికి రాదండి.”

ఈ మేస్త్రీ మాట వెనకవైపు మరమ్మతుకు దిగే ప్రతి ఇంటివాళ్లూ వినదగినది. చెక్క అడ్డంగా కోసిన చివర నుంచి నీళ్లని ఎక్కువగా పీలుస్తుంది. తలుపు అడుగున ఉండేది ఆ కోసిన చివరే. అందుకే పైన అరవై ఏళ్లు నిలిచిన తలుపు కింద జానెడు మేర పోతుంది. చినుకు ఎగరడం ఆపకుండా కొత్త తలుపు బిగిస్తే దానికీ అదే గతి. చాలామంది ముందు తలుపు కొని తెచ్చి, తర్వాత నేల చూసుకుంటారు. పని వరుస తిరగబడటం వల్ల అదే ఖర్చు రెండోసారి పడుతుంది.

వాలుబాట మాట వచ్చేసరికి వాదన పెరట్లోకి నడిచింది. వసారా నేల పెరటికన్నా 18 అంగుళాల ఎత్తు. అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు చొప్పున లెక్క వేస్తే బాట 18 అడుగులు సాగాలి. వెడల్పు 4 అడుగులు. తిన్నగా వేస్తే తులసికోట అడ్డం వస్తుంది.

“తులసికోట కదపడానికి వీల్లేదు” అన్నాడు తమ్ముడు. “అమ్మ కార్తీకమాసం అంతా దీపం పెట్టేది దాని దగ్గరే.”

“ఈ రెండేళ్లుగా దీపం నేనే పెడుతున్నాను. అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచే దండం పెడుతోంది. కోటను కదపమని నేననలేదు. బాటని గోడవెంట తీసుకెళ్లి, మూల దగ్గర చదునుగా ఐదడుగుల చోటిచ్చి, కోటవైపు తిప్పమంటున్నాను. అమ్మ మళ్లీ తనంతట తాను అక్కడికి వెళ్తుంది.”

ఈ ఏర్పాటు తమ్ముడికి ఇంతకుముందు తోచలేదు. ఒప్పుకున్నాడు. వాలుబాట పక్కనే మిగతావాళ్లకి మెట్లుంటాయి. అదే 18 అంగుళాల ఎత్తును రెండు మెట్లకు బదులు మూడుగా పంచితే ఒక్కొక్కటి 6 అంగుళాలే అవుతుంది. రెండింటికీ 3 అడుగుల ఎత్తున గుండ్రటి కమ్మీ. గుండ్రటిది ఎందుకంటే చెయ్యి చుట్టూ బిగుస్తుంది, పలకల ఇనుము మీద ముసలివాళ్ల పట్టు జారుతుంది.

నేల మీద ఏం పరవాలన్న దగ్గర మాత్రం అక్క లెక్క తప్పింది. ఆమె విట్రిఫైడ్ టైల్స్ అనుకుంది. తుడవడం తేలిక, మరక పట్టదు, ఊళ్లో అందరూ అవే వేస్తున్నారు. తమ్ముడు బండలే కావాలన్నాడు.

“పాతవి కాబట్టి బండలంటున్నావా?”

“కాదక్కా. మా ఫ్లాటు బాల్కనీలో అవే టైల్స్ ఉన్నాయి. సబ్బునీళ్లు పడితే నిలబడలేం. అవి నీళ్లు పీల్చవు, అందుకే నీరు మీదే పొరలా నిలుస్తుంది.”

అతను చెప్పింది నిజం. విట్రిఫైడ్ టైలు నీటిని అర శాతం కూడా పీల్చదు, దాని మేలంతా అదే. కానీ పాలిష్ పట్టిన ముఖం మీద సబ్బు కలిసిన నీరు పడితే ఆ మేలే కీడవుతుంది. తడి తగిలే చోట్లకు గరుకు ముఖమున్న టైల్స్ వేరే ఉంటాయి. జారుడును బట్టి వాటికి ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తులు వేస్తారు. అంకె పెరిగితే గరుకు పెరిగినట్టు. ఆరుబయట వాలుబాటకు ఆర్11కి తక్కువ తీసుకోకపోవడం మంచిది. కొట్లో ఈ అంకె అడిగేవాళ్లు తక్కువ, రంగు చూసి కొనేవాళ్లే ఎక్కువ.

బండల విషయానికి వస్తే తెలుగువాళ్లకి కరువులేదు. వికారాబాద్ జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచర్ల, సరిహద్దు దాటితే కలబురగి వైపు శాబాదు. ఇవన్నీ సున్నపురాళ్లు. పాలిష్ పట్టించకుండా పరిస్తే పాదం నిలుస్తుంది, ఎండలో మరీ కాలవు. వాటికో శత్రువుంది. మరుగుదొడ్డి కడగడానికి వాడే యాసిడ్ పడితే సున్నపురాయి బుసబుసమని పొంగి గుంటలు పడుతుంది. చింతపండు పులుసు నిలిచినా మచ్చ పడుతుంది. గిన్నెలు తోమే చప్టా వరకు గ్రానైట్ వేసుకోవడం మేలని మేస్త్రీ అన్నాడు. ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి, అద్దంలా మెరిసేది కాకుండా మంటతో కాల్చి గరుకు చేసిన ముఖం ఉన్నది. ఆ రాయి యాసిడ్‌కి సులువుగా లొంగదు. వాలుబాటకీ వసారాకీ తాండూరు బండ, చప్టాకు గ్రానైట్ అని తేలింది. నాచు సంగతి మాత్రం ఏ రాయీ తీర్చదు. నీరు నిలవకుండా, ఎండ పడేలా పనసకొమ్మ ఒకటి కొట్టించాలని అక్క అంది. తమ్ముడు కొమ్మవైపు చూసి ఊరుకున్నాడు.

వాడిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఇప్పుడవి చప్టా పక్కన మడుగులా నిలిచి, నెమ్మదిగా అరటిపాదులోకి ఇంకుతున్నాయి. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంతకాలం పీడించిందో పెద్దవాళ్లకి తెలుసు. ఆ జబ్బు మోసే క్యూలెక్స్ దోమ పెరిగేది ఇలాంటి నిలవ మురుగులోనే, కుట్టేది రాత్రిపూట. డెంగీ మోసే ఏడిస్ దోమ తీరు వేరు. అది శుభ్రమైన నిలవనీటిలో గుడ్లు పెట్టి పగలు కుడుతుంది. మూతలేని సిమెంటు తొట్టి దానికి చాలు. అంటే ఒక్క పెరటి గుమ్మం ముందే రెండు దోమలకీ చోటుంది.

“ఇంకుడు గుంత తవ్విద్దాం” అన్నాడు తమ్ముడు. “హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ తప్పనిసరి అంటున్నారు.”

“హైదరాబాద్‌లో నీళ్లు వందల అడుగుల కింద ఉంటాయి. ఇక్కడ వానాకాలంలో నాలుగైదు అడుగులు తవ్వితే ఊట వస్తుంది. ఇంకా ఎక్కడికి ఇంకుతాయిరా? నీ గుంతే ఇంకో మడుగవుతుంది. పైగా నుయ్యి అల్లంత దూరంలోనే ఉంది.”

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం తర్వాత ఇంకుడు గుంత అన్నమాట ఇంటింటికీ చేరింది. మెట్టప్రాంతాలకి దాని మేలు పెద్దది. డెల్టా నడిబొడ్డున, కాలవనీళ్లతో నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట, అదే మందు పనిచెయ్యదు. ఇక్కడ పాత పద్ధతినే సరిచేసుకోవాలి. చప్టా నుంచి మూతవేసిన గొట్టం, మధ్యలో జిడ్డూ మెతుకులూ ఆగే చిన్న తొట్టి, అక్కణ్ణుంచి నూతికి దూరంగా కంకర నింపిన పొడవాటి పాదు, అందులో అరటి, మెట్టతామర. నీరు పైకి తేలకుండా కంకరలోనే నడిస్తే దోమకు గుడ్లు పెట్టే చోటు దొరకదు. నీళ్ల సిమెంటు తొట్టికి మూత పెట్టి, వారానికోసారి ఖాళీ చేసి అంచులు తోమాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పదిరోజులు పడుతుంది కాబట్టి ఆ వారం గడువు తప్పకూడదు.

చివరికి తలుపు దగ్గరికి వచ్చారు. అక్క కోరింది డబ్ల్యూపీసీ. చెక్కపొడి, పీవీసీ కలిపి పోతపోసిన పలక. చెద తినదు, నీళ్లకి ఉబ్బదు, రంగు వెయ్యక్కర్లేదు. ఆమె అలా కోరడానికి విజయవాడలో ఉండే బంధువుల ఇల్లు కారణం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మామూలు ప్లైవుడ్, ఫ్లష్ తలుపులు పొరలు విడిపోయాయి.

“ఫ్లష్ తలుపు వద్దు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ డబ్ల్యూపీసీకి మరలు గట్టిగా పట్టవక్కా. బరువుకి బందుల దగ్గర వదులై తలుపు వాలిపోతుంది. మన గుమ్మం పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండకి ఆ ముదురు రంగు పలక వంకర పోతుంది. వేప తలుపుకి కింద ఒక్క జానెడే పోయింది. అంతవరకు కోసి కొత్త ముక్క అతికితే ఇంకో ముప్పై ఏళ్లు చూసుకోనక్కర్లేదు. ప్లాస్టిక్ తలుపు పాడైతే పారెయ్యడమే. చెక్కైతే బాగుచేసుకోవచ్చు.”

ఈ వాదంలో తమ్ముడికే ఎక్కువ మార్కులు వెయ్యాలి. చెక్క మన్నికంతా బాగుచేసుకునే వీలులో ఉంది. ప్లైవుడ్‌లో కూడా అన్నీ ఒకటి కావు. మామూలు వాడకానికి చేసేది ఐఎస్ 303, నీటిని ఓర్చుకునే మెరైన్ రకం ఐఎస్ 710. వెనక గుమ్మానికి ప్లైవుడ్ తప్పదనుకుంటే రెండోదే అడిగి తీసుకోవాలి. కానీ చేతిలో చేవదేరిన వేప ఉండగా ఆ ఆలోచనే అక్కర్లేదు. అతను ఇంకో మాట కూడా గుర్తుచేశాడు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తోటల్ని నేలకూల్చింది. అలాంటి గాలిలో ఒక్క తలుపు ఊడినా గాలి లోపల నిండి పైకప్పును కిందినుంచి పైకి తోస్తుంది, పెంకులు లేచిపోతాయి. వెనక తలుపు బలం ఇంటి కప్పు బలంలో భాగం.

“బలం సరేరా. వెడల్పో? రెండు రెక్కలు, ఒక్కోటి 15 అంగుళాలు. రెండూ తెరిచినా 30. అమ్మ వాకర్ ద్వారబంధానికి తగులుతోంది. రాత్రిపూట పైనొక బోల్టు, కిందొక బోల్టు ఎవరు తియ్యాలి? అమ్మ వంగలేదు, చెయ్యెత్తలేదు.”

మార్గదర్శకాల ప్రకారం గుమ్మం నికరంగా 900 మిల్లీమీటర్లు, దాదాపు 3 అడుగులు ఉండాలి. గుమ్మం వెడల్పు చెయ్యడమంటే గోడ కొట్టడమే. ఆ గోడ 18 అంగుళాల మందం, గానుగ సున్నంతో కట్టింది. సుత్తి పోట్లతో కొడితే పైన పగుళ్లిస్తుంది. మేస్త్రీ తన పద్ధతి చెప్పాడు. ముందు పైన కొత్త దూలం దించాలి, రెండు పక్కలా గోడలోకి కనీసం 8 అంగుళాలు కూచోవాలి. అది గట్టిపడ్డాకే కింద గోడను మిషనుతో కొయ్యాలి. కోసిన అంచులకి సిమెంటు కాకుండా మళ్లీ సున్నమే పుయ్యాలి. పాత గోడలో చెమ్మ సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి, పక్కన ఇంకోచోట ఉప్పులా పొంగుతుంది. కోనసీమలో బాగుచేసిన పాత ఇళ్లు చాలావాటికి నడుం ఎత్తున గోడలు పెచ్చులూడటానికి ఈ సిమెంటు పూతే కారణం.

కొత్త ద్వారబంధం గ్రానైట్ రాతిది. కాళ్లు నేలలో పాతినా చెదకు దారి ఉండదు. పాత చెక్క బంధం అడుగున చెద మట్టిదారులు కనిపిస్తున్నాయి కాబట్టి గోడా నేలా కలిసేచోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి మందు ఎక్కించాలి. ఉన్న ఇళ్లకి చెద నివారణ ఎలా చెయ్యాలో చెప్పే ఐఎస్ 6313 మూడో భాగంలో ఉన్న పద్ధతే. నుయ్యి దగ్గరున్న వైపు మాత్రం ఆ మందు వద్దని అక్క ఖండితంగా చెప్పింది. ఆ నీళ్లే తాగుతున్నారు మరి.

రెక్కల సంగతి వడ్రంగి వచ్చాక తేలింది. రెండు వేప రెక్కల్నీ కలిపి, మధ్యలో ఒకటీ అంచులకి రెండూ కొత్త పట్టీలు వేసి, ఒకే 38 అంగుళాల రెక్కగా చెయ్యొచ్చన్నాడు. బరువు పెరుగుతుంది కాబట్టి మూడు బందులు చాలవు, నాలుగు కావాలి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. స్టీలులోనైతే 304 కన్నా మాలిబ్డినం కలిసిన 316 రకం ఎక్కువ తట్టుకుంటుంది, లేదంటే ఇత్తడి. గుండ్రటి పిడి బదులు కిందికి నొక్కే పొడవాటి పిడి, నడుం ఎత్తున. మోచేత్తో నొక్కినా తలుపు తెరుచుకోవాలి.

“అలా అతికిస్తే అది తాతయ్య తలుపు ఎలా అవుతుంది?” అన్నాడు తమ్ముడు.

“చెక్క తాతయ్యది, వెడల్పు అమ్మది. రెండూ ఉంటాయి.”

దొంగల మాట ఎత్తింది వడ్రంగే. తేలికపాటి అల్యూమినియం బోల్టుకి అరంగుళం మరలు వేసి బిగిస్తే ఒక్క తన్నుకి ఊడి వస్తాయి. లోపలివైపు పాతకాలపు అడ్డగడియ ఉంటే చాలా సేపు ఆగుతుంది. కానీ రాత్రి బయటికి వెళ్లాల్సిన ముసలమ్మ ఉన్న ఇంట్లో అడ్డగడియ ఆమెకే అడ్డు. ఇక్కడ ఇద్దరూ ఒక మాట మీదకి రాలేదు. పెరటి ప్రహరీ ఎత్తు పెంచి దాని గేటుకు తాళం వేద్దామని అక్క, తలుపుకే మంచి తాళం పెట్టి తాళంచెవి అమ్మ మంచం దగ్గర ఉంచుదామని తమ్ముడు. రాత్రి చీకట్లో తాళంచెవి వెతుక్కోవాల్సి వచ్చే ఏర్పాటు మంచిది కాదు కాబట్టి అక్కవైపే మొగ్గు. ప్రహరీ ఖర్చు మాత్రం అనుకున్నదానికి బయట ఉంది.

దీపాల విషయంలో గొడవ లేదు. మనిషి కదిలితే వెలిగే ఎల్‌ఈడీ ఒకటి గుమ్మం మీద, ఇంకొకటి మరుగుదొడ్డి దగ్గర, నీళ్లు దూరని రకానివి. వాషింగ్ మిషను వసారాలోకి రాబోతోంది కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీయాంపియర్ల లీకుకే పడిపోయే రక్షణ స్విచ్చు, ఆర్‌సీసీబీ. తడిచేతుల చోటు అది. తలుపుకి లోపలివైపు దోమల జాలీతో ఇంకో రెక్క ఉంటుంది. పగలు చెక్క తలుపు తీసి ఉంచినా గాలి ఆడుతుంది, వంటింటి వేడి పోతుంది.

వాస్తు చూపించారా అని మేస్త్రీ అడిగాడు. గుమ్మం ఉన్నచోటే ఉంటుంది, పెరిగేది వెడల్పు ఒక్కటే అని అక్క చెప్పింది. సరేనన్నాడు.

మిగిలింది ఏ పని ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్న. తలుపు పని తాను దసరాకి వచ్చినప్పుడు కళ్లముందు జరగాలని తమ్ముడి కోరిక. చూరు కాలువ రేకు, మురుగు గొట్టం తొలకరికి ముందే పూర్తి కావాలని మేస్త్రీ లెక్క. ఆ తర్వాత నేల, వాలుబాట. గోడ కొయ్యడం వానలు తగ్గాక. తలుపు అన్నిటికన్నా చివర. తమ్ముడికి ఆ వరుస నచ్చింది. మొదటి విడత డబ్బు వెళ్లేముందే ఇస్తానన్నాడు.

“అంతా సరే” అంది అక్క. “దసరా దాకా అమ్మ ఆ మెట్లే దిగాలి కదా. మేస్త్రీగారూ, వాలుబాట సంగతి తర్వాత. ఉన్న మెట్ల పక్కన గోడకి కమ్మీ బిగించడానికి ఎంతసేపు పడుతుంది?”

“పూట పనండి. పైపు తెచ్చుకోవాలంతే.”

“అయితే రేపు పొద్దున్నే రండి” అన్నాడు తమ్ముడు. “నేను సాయంత్రం బస్సుకి వెళ్తాను. బిగించింది చూసే వెళ్తా.”